జానమ్మ ఫోనుకు కొత్త ముఖం

జానమ్మకు చదువు రాదు. ఎవరూ అడగకముందే ఆ మాట ఆమే చెబుతుంది, అదేదో ఎదుటివాళ్ల తప్పయినట్టు. అంకెలు వచ్చు. రంగులు తెలుసు. ఏ వస్తువు ఎక్కడ పెట్టిందో ఏళ్లు గడిచినా మరిచిపోదు. ఈ మాత్రం సరంజామాతో ఆమె ఇంటి అరుగు మీద కూర్చొని, రెండు వందల యాభై కిలోమీటర్ల అవతల తిరుగుతున్న ఆరు గొర్రెల మందలను నడిపేది.

నేను ఆ ఊళ్లో పశువుల దవాఖాన అసిస్టెంటును. పేరు శ్రీవాణి. డాక్టరుగారు వారానికి రెండు రోజులే వస్తారు కనుక మిగతా రోజుల్లో నన్నే డాక్టరమ్మా అంటారు. మొదట్లో సరిదిద్దేదాన్ని, తర్వాత మానేశాను. ఊరు నారాయణపేటకు పడమర, కన్నడ మాటలు కూడా చెవిన పడేంత దగ్గరలో ఉంటుంది. చెలకలు, గుట్టలు, చలికాలం దాటితే ఎండిపోయే కుంటలు. అందుకే యాసంగి వరికోతలు మొదలయ్యే సరికి ఇక్కడి గొర్లకాపరులు మందలను తోలుకొని, కొంతదూరం డీసీఎం బండ్లలో, మిగతాది నడకన, సాగర్ కాలువ కింది పొలాలకు, హుజూర్‌నగర్ దాకా పోతారు. కోసిన మడుల్లో గడ్డి ఉంటుంది, కాలువలో నీళ్లుంటాయి. తొలకరి పడ్డాక తిరిగివస్తారు.

జానమ్మ కూడా ఇరవై రెండేళ్లు అలా తిరిగిన మనిషే. భర్త గుర్వయ్య మందకు ముందు, ఆమె వెనక. నందికొండ దగ్గర కాలువ గట్టు మీద కాలు జారి మోకాలిచిప్ప పగిలాక ఆమె నడక ఆగిపోయింది. కాళ్లు ఆగాయి కానీ నోరు ఆగలేదు. ఏ తూము దగ్గర గొర్రె దిగడానికి వాలు ఉంటుందో, ఏ ఊరి రైతు ఎరువు కోసం మందను పొలంలో పడుకోబెట్టుకొని మర్యాదగా చూస్తాడో, ఏ తోటలో కుక్కలుంటాయో అన్నీ ఆమె తలలో ఉన్నాయి. ముందు గుర్వయ్య ఫోన్ చేసి అడిగేవాడు. అతన్ని చూసి ఇంకో మంద పరశురాములు, ఆయన్ని చూసి మరో నలుగురు కాపరులు.

పొద్దున్నే ఆరు మందల నుంచి ఆరు ఫోన్లు వచ్చేవి. ఒకరు చూసింది ఇంకొకరికి ఆమె చెప్పేది. ఒకరికొకరు నేరుగా చేసుకోవచ్చు కదా అని నేనొకసారి అడిగాను. వాళ్లలో చాలామందికి పేర్లు చదివి వెతకడం రాదట. ఫోన్ తెరవగానే పైన కనిపించేది జానమ్మ నంబరు. దాన్నే నొక్కుతారు.

ఆమె ఫోనులో పేర్ల బదులు బొమ్మలు పెట్టింది నేనే. పరశురాములుకు ఆయన పసుప్పచ్చ గొడుగు. గుర్వయ్యకు వంకరకొమ్ము నల్ల పొట్టేలు. "మీ ఆయన ఫోటో పెడత అక్కా" అంటే ఒప్పుకోలేదు.

"పొద్దున లేచి ఆ మొకం చూసేకంటె పొట్టేలు మొకమే నయం" అంది.

ఎవరిని గురించైనా ఆమె మాట్లాడే తీరు అదే. వెక్కిరింపు లేకుండా ఆమె నోట మంచినీళ్లు అన్న మాట కూడా రాదు.

పోయినేడు చలికాలం చివర్లో ఊళ్లోకి ఒక పుకారు వచ్చింది. ఖరీదైన ఫోన్లు చేసే ఒక కంపెనీ తన ఫోన్లకూ కంప్యూటర్లకూ ఒకేసారి ముఖం, అంటే తెర మీది రూపం, మారుస్తుందని. ఎవడో కుర్చీలో కూర్చొని చేతులు తిప్పుతూ అరిచిన వీడియో అది. అంతా అద్దంలా అయిపోతుందట, బటన్లలోంచి వెనకాల ఉన్నది కనబడుతుందట, రంగులుండవట. ఆ వీడియో మా దవాఖాన గ్రూపులోకి, ఊరి గ్రూపులోకి, భజన గ్రూపులోకి ఒకే రోజు వచ్చింది. మా ఆఫీసు గ్రూపులో గొర్రెలకు నట్టల మందు స్టాకు ఎప్పుడొస్తుందని నేను పెట్టిన మెసేజికి పదకొండు రోజులు జవాబు లేదు. ఈ వీడియో కింద మాత్రం గంటలో నలభై మంది మాట్లాడారు.

హోటలు దగ్గర సంగతి ఇంకా ఘనం. ఎరువుల దుకాణం కమలాకర్ దగ్గర ఖరీదైన ఫోను ఉంది. ఆ పుకారు నిజమైతే ఊరు మొత్తంలో అది వర్తించేది ఆ ఒక్క ఫోనుకే. కానీ భయం అందరూ పంచుకున్నారు.

"అద్దం లెక్క అయితే ఎండల ఏం కనవడతది?" అన్నాడు ఒకతను.

"నేనైతే ఈ కంపెనీనే ఇడిసిపెడత" అన్నాడు కమలాకర్, ఆ కంపెనీ వాళ్లు కిటికీ దగ్గర నిలబడి వింటున్నట్టు.

పంచాయతీ కంప్యూటర్ ఆపరేటరు సుమన టీ గ్లాసు చేతిలో పట్టుకొని, "ఉన్నది నేర్చుకునేటందుకే మూడేండ్లు పట్టింది నాకు" అంది. ఆ గుంపులో అర్థమున్న మాట అదొక్కటే. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. సాయంత్రానికి, ముఖం మారితే ఫోటోలు పోతాయన్నారు. మర్నాటికి, పింఛను ఆగుతుందన్నారు. ఆ డిజైను గీసినవాడి కులం ఏమిటో కూడా ఒకాయనకు తెలుసు.

జానమ్మ అరుగు మీద కూర్చొని ఇదంతా విన్నది.

"చూసినోడు ఒక్కడు లేడు. మొత్తుకునేటోళ్లు ఊరంత" అంది నాతో. "నువ్వు చదువుకున్నదానివి, చెప్పు. నా ఫోన్ల గూడ మారుతదా?"

"నీ ఫోన్‌కు అది రాదక్కా. అది వేరే కంపెనీ. ఫికర్ పడకు" అన్నాను. ఎంతో తెలిసినదానిలా అన్నాను.

"నేనెందుకు పడత ఫికరు? ఎంత పనిలేనోడైనా నడుస్తున్న ఇంట్ల పొయ్యి జాగ మారుస్తడా? గోడకు సున్నమేసుకుంటరు గంతే."

ఇక్కడితో ఆగితే కథే లేదు. కానీ మండలంలో మొబైల్ దుకాణం పెట్టుకున్న కృష్ణకాంత్‌కు పుకారులో వ్యాపారం కనిపించింది. దుకాణం ముందు ఫ్లెక్సీ కట్టాడు. "కొత్త రూపం వచ్చేలోపే మీ ఫోన్‌ను కాపాడుకోండి. పాత రూపం శాశ్వతం." పక్కన ముందు, తర్వాత అని రెండు ఫోన్ల బొమ్మలు. మొదటి ఫోను నవ్వుతున్న పిల్లలా ఉంది, రెండోది వానలో తడిసిన కిటికీలా ఉంది.

బుధవారం సంతనాడు మా ఊరి నుంచి పది పదిహేను మంది ఆడవాళ్లు ఆ దుకాణం ముందు వరుస కట్టారు. అందరూ మందల మీద మగవాళ్లను పంపే ఇళ్లవాళ్లే. ఫోన్ పాడైతే మనిషి బతికున్నాడో లేదో కూడా తెలియదు కదా, వాళ్ల భయం వాళ్లది. పరశురాములు భార్య నర్సింగమ్మ వరుసలో మూడోది. మందుల పెట్టె కోసం నేనూ అటు వెళ్లాను. జానమ్మ కుంటుకుంటూ వచ్చి వరుసలో నిలబడకుండా నేరుగా గల్లా దగ్గరికి పోయింది.

"కృష్ణకాంతు, ఆ కొత్త ముఖమేందో నాకు జర చూపియ్యి."

అతను తన ఫోను తీసి చూపించాడు. తెర నిండా పాలిపోయిన గుండ్రాలు. వరుసలో వాళ్లు మెడలు సాచి చూసి అయ్యో అన్నారు.

"ఇదేనా?"

"ఇదే పెద్దమ్మా. నాకు ముందుగాలనే వచ్చింది."

"అయితే దీన్ల నుంచి నాకు ఫోన్ కొట్టు."

"ఎందుకు?"

"కొట్టు కొడుకా. కొత్త ముఖానికి నోరున్నదా లేదా చూస్త."

అతను నవ్వి ఫోను వెనక్కి తీసుకోబోయాడు. జానమ్మ తన బొటనవేలితో తెర మీది గుండ్రాన్ని నొక్కింది. ఏమీ తెరుచుకోలేదు. ఇంకొకటి నొక్కింది. గుండ్రాలన్నీ కలిసి కొంచెం పెద్దవయ్యాయి, ఫోటో పెద్దదైనట్టు. పక్కకు జరిపితే ఆ బొమ్మ పోయి కృష్ణకాంత్ చెల్లెలి ఎంగేజ్‌మెంట్ ఫోటో వచ్చింది.

"ఫోటోకు భయపడ్డరే మీరు" అంది వరుస వైపు తిరిగి. "రేపు పులి బొమ్మ చూపించి గొర్లను అమ్ముమంటడు. అమ్ముతరా?"

ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో వరుస చెదిరింది. అప్పటికే ఇద్దరి పని అయిపోయింది. మూడో మనిషి నర్సింగమ్మ ఫోను గల్లా మీద పెట్టి నిలబడి ఉంది.

"చేయించుకుంటే ఏం పోతది వదినే, మనసుకు నిమ్మలం" అంది.

"నీ నిమ్మలం ఈని ఇంట్ల బువ్వ అయితాంది. తియ్యి ఫోను" అని జానమ్మే దాన్ని తీసి నర్సింగమ్మ చేతిలో పెట్టింది.

దారి పొడుగునా ఆటోలో అదే ముచ్చట. కృష్ణకాంత్ మొహం ఎలా మాడిందో జానమ్మ నాలుగుసార్లు చేసి చూపించింది. నేనూ నవ్వాను. అతని ఫ్లెక్సీ మరో వారం ఉండి, గాలికి ఒక పక్క ఊడి, తర్వాత పాల బండి మీద ఎండ ఆపే పరదా అయింది. అద్దం ముఖం ఎవరి ఫోనుకూ రాలేదు. కమలాకర్ ఫోనుకు కూడా. పుకారును నమ్మినవాళ్లు దాన్ని ఎప్పుడూ నమ్మనట్టే ఇంకో వీడియోకు పోయారు.

వరికోతలకు మందలు కదిలాయి. గుర్వయ్య మంద ముందు, పరశురాములు మంద ఒక పూట నడక వెనక.

ఏప్రిల్ మూడో వారంలో ఒక పొద్దున నేను మేకలకు టీకాలు వేయడానికి వీధిలోకి వెళ్లేసరికి తొమ్మిదిన్నర దాటింది. జానమ్మ అరుగు మీద ఉంది. ఫోను ఆమె ముందు చాప మీద పడి ఉంది, తేలును చూసినట్టు దాన్ని చూస్తోంది. ఆమె ముఖంలో అలాంటి అయోమయం నేనెప్పుడూ చూడలేదు.

"డాక్టరమ్మా, ఇది నాది కాదు. ఎవరో మార్చిన్రు."

"ఎవరు మారుస్తరక్కా?"

"పొద్దుగాల నుంచి ఆయన చేస్తున్నడు. పచ్చది ముడితే లేస్తలేదు. కొంగుతోని తుడిచి ముడితే కట్టయితాంది. ఐదుసార్లు. నేను చేద్దామంటే నా బొమ్మలు లేవు."

ఫోను తీసి చూశాను. ఫోను అదే, పైన ఆమె అంటించుకున్న పసుపు బొట్టు కూడా అలాగే ఉంది. కానీ ఫోన్ చేసే పేజీ రాత్రికి రాత్రి మారిపోయింది. పెద్ద బొమ్మలు నాలుగు వరుసల్లో ఉండే చోట ఇప్పుడు పేర్ల జాబితా ఉంది. పేర్ల పక్కన బొమ్మలు కందిగింజంత అయి ఒక మూలకు నక్కాయి. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఏ వీడియోలోనూ దీని గురించి ఎవడూ అరవలేదు.

నేను చదివి గుర్వయ్యకు కలిపాను. చాలాసేపు మోగాక ఎత్తాడు.

"నా మీద కోపముంటే నా మీద చూపియ్యి. ఫోన్ ఎందుకు కోస్తున్నవే?" అన్నాడు ఎత్తుతూనే. ముందురోజు ఒక కుంటి గొర్రె విషయంలో ఇద్దరికీ మాటామాటా పెరిగిందట. ఐదుసార్లు కోసేసరికి అతనూ అలిగి ఫోను సంచిలో పడేశాడు.

"కోపం సంగతి తర్వాత. ఏమైందో చెప్పు" అంది జానమ్మ.

"రెండు జీవాలు వొయినయ్. కాలువ అవతల బత్తాయి తోటల సిమెంటు తొట్టి ఉన్నది చూడు, దాన్ల నీళ్లు తాగినయ్. తాగినంక పది నిమిషాలకే పొట్టలుబ్బి, వణికి పడ్డయ్. యూరియా కలిపిండ్రు డ్రిప్పుకు. పరశురాములు గదే దారిన వస్తడు. ఆపుమని చెప్పేటందుకే చేసిన."

"తొట్టికి అడ్డమేమన్న పెట్టినవా?"

"కంప పెట్టిన. ఎండకు గొర్లు కంపను లెక్కచేస్తయా?"

జానమ్మ నా వైపు చూసింది. నేను పరశురాములు పేరు వెతికి నొక్కాను. ఆయన ఎత్తాడు. గొర్రెల అరుపులు, ఆయన ఎవరినో కేకేయడం వినబడ్డాయి. నాలుగైదు నిమిషాల ముందే మంద తొట్టి మీద పడిందట.

అక్కడి నుంచి ఫోను నేనే పట్టుకున్నాను. యూరియా కడుపులో పడ్డాక సమయం చాలా తక్కువ. పుల్లటిది ఏదైనా పోయాలి, చల్లనీళ్లు పోయాలి, గొర్రెను నిలబెట్టే ఉంచాలి. "మామా, పక్క ఇండ్లల్ల అడుగు. చింతపండు పులుసు, పుల్ల మజ్జిగ, ఏది దొరికితే అది. సీసతోని తాపు. పడిపోయినదాన్ని ఇడిసి నిలబడ్డదానికి తాపు" అని చెబుతూనే ఉన్నాను. ఆ తోట పక్కనున్న ఇంటి ఆడవాళ్లు కుండల్తో మజ్జిగ తెచ్చారట. వాళ్లెవరో మాకు తెలియదు. ఇరవై ఒక్క గొర్రెలు ఆ నీళ్లు తాగితే పన్నెండు నిలిచాయి. తొమ్మిది పోయాయి. వాటిలో నాలుగు చూలువి.

 ఫోన్ పెట్టేసరికి వీధిలోకి నర్సింగమ్మ వచ్చి నిలబడింది. ఎవరు చెప్పారో, అప్పటికే ఆమెకు తెలిసింది.

"గా ఫోను ఎత్తితే ఏం పోయేది వదినే?" అంది. గొంతు పెంచలేదు.

జానమ్మ చాప మీద జరిగి చోటిచ్చింది. నర్సింగమ్మ కూర్చోకుండానే వెళ్లిపోయింది.

మర్నాడు ఆమె మండలానికి బయలుదేరింది. తోడు నేనూ వెళ్లాను, నాక్కూడా తలదించుకునే పనే ఉంది కనుక. నీ ఫోన్‌కు రాదు అని చెప్పింది నేనే. కృష్ణకాంత్ ఆమెను చూడగానే స్టూలు జరిపాడు. సంగతి అతనికి తెలిసినట్టే ఉంది. ఫోను తీసుకొని, వచ్చిన కాల్ ఎత్తాలంటే తెల్లటి పట్టీని కుడివైపు జరపాలని, ఎడమకు జరిపితే కట్టవుతుందని చూపించాడు.

"పచ్చది ముడితే?"

"ముడితే ఏం కాదు పెద్దమ్మా. జరపాలె."

"నేను చీరకొంగుతోని అద్దం తుడుస్త. తుడిస్తే ఎడమకే పోతది చెయ్యి."

"అందుకే కట్టయింది."

అతను అనకుండా ఉండలేక అన్నాడు. "ఆరోజు నా దగ్గర చేయించుకున్న ఇద్దరి ఫోన్లు మారలేదు. నేను అప్డేట్ బందు చేసిన. మీరు చేయించుకుంటే మీదీ మారకపోతుండె."

జానమ్మ అతని వైపు తలెత్తి చూసింది.

"బందు చేసినవా? ఏం బందు చేసినవో ఆరోజు చెప్పినవా?"

"అంటే..."

"అద్దం బొమ్మ చూపించినవు. పాత రూపం శాశ్వతమన్నవు. కంపెనీవాళ్లు చెప్పకుంట మారుస్తరు, మారకుంట ఆపెటందుకు గీ మీట ఉన్నది అని ఒక్కమాట నిజం చెప్పినవా? చెప్తే అందరికన్న ముందు నేను నిలబడేదాన్ని. చేసిన పని మంచిదే, దాన్ని గూడ అబద్ధమాడి అమ్మినవు. నీ అబద్ధం పట్టుకున్ననని నేను ఎగిరిన. తొమ్మిది జీవాలు వొయినయ్."

  కృష్ణకాంత్ ఫోనులో ఎక్కడెక్కడికో పోయి వెతికి, జరపడం బదులు నొక్కడం పెట్టుకునే వీలు ఒకటి ఉందని కనుక్కున్నాడు. నాలుగు పేజీల లోపల, ఇంగ్లీషులో ఉంది అది. బొమ్మలను మళ్లీ పెద్దవి చేసే వీలు మాత్రం లేదు.

"మార్చినోడికి నేను మాట చెప్పాలె" అంది జానమ్మ. "ఎట్ల చెప్తరు?"

అభిప్రాయం రాసే చోటు ఉందని చెప్పి తెరిచాడు. అక్కడ అప్పటికే వేలమంది తిట్టి ఉన్నారు. అతను కొన్ని చదివి వినిపించాడు. హిందీలో ఒకాయన, మా అమ్మ ఫోన్ ఎత్తలేకపోతోంది అని రాశాడు. ఇంకొకరు ఎమర్జెన్సీ డ్యూటీలో ఉన్నానని రాశారు. ఒకడు మాత్రం కొత్త రూపం చాలా ఆధునికంగా ఉందని మెచ్చుకున్నాడు.

"వాడు ఆ కంపెనీ ఇంటోడే అయి ఉంటడు" అంది. "రాయి. నా పేరు జానమ్మ. నాకు సదువు రాదని నీకు తెల్వదు. ఎందుకంటే నువ్వు అడగలే. నా ఇంట్ల నేను చీకట్ల గూడ నడుస్త, నువ్వొచ్చి నా గుమ్మం జరిపితే నేను పడత. నువ్వు జరిపినవు, వేరేటోళ్ల గొర్లు సచ్చినయ్. పచ్చది ముడితే మాట రావాలె. దాంట్ల బాగు చేసేటందుకు నీకేం కనవడ్డది? రాసినవా?"

"రాసిన. చుక్కలు పెట్టాలె పెద్దమ్మా. ఎన్ని పెట్టమంటవు?"

"చుక్కలేంది?"

"మెప్పుకు. ఐదు పెడితే బాగున్నట్టు."

"ఒక్కటి గూడ పెట్టకు."

"ఒక్కటన్న పెట్టకుంటే పోదు."

"మనం తిట్టినా వానికి ఒక చుక్క దక్కుతది. మంచిగనే కట్టుకున్నడు" అని నవ్వింది. ఆ రెండు రోజుల్లో ఆమె నవ్వింది అప్పుడే, అందులో నవ్వేమీ లేదు.

పది నిమిషాలు కాకముందే జవాబు వచ్చింది. కృష్ణకాంత్ చదివాడు. "మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు. మీకు మరింత మెరుగైన అనుభవాన్ని అందించడానికి మేము కృషి చేస్తున్నాము."

"మనిషే రాసిండా?"

"కాదు. మిషిని."

"అనుకున్న. మనిషైతే గొర్ల మాట ఎత్తుతుండె" అని లేచింది. "ఇంకో అనుభవమొద్దని చెప్పు. గీ ఒక్కటే సాలు."

బయటికొచ్చాక, ఆటో కోసం నిలబడి, ఉన్నట్టుండి వెనక్కి నడిచి దుకాణం మెట్టు మీద ఆగింది. "కృష్ణకాంతు, ఐతారం నాడు మా ఊరికి రా. మందల ఇండ్లన్నింటియీ ఫోన్లు నువ్వే సరిజెయ్యాలె. ఏం జేస్తున్నవో ఒక్కొక్కళ్లకు చెప్పి చెయ్యాలె. ఒక్కొక్క ఫోన్‌కు ఒక్కొక్క టీ పోస్త, గంతే."

అతను వచ్చాడు. వస్తాడని నేననుకోలేదు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా జానమ్మ అరుగు మీద కూర్చొని ముప్పై ఫోన్లు చూశాడు. ఏ మీట ఏం చేస్తుందో చెప్పాడు, మొదట నత్తినత్తిగా, తర్వాత పెద్ద గొంతుతో. సుమన పక్కన కూర్చొని రాసుకుంది. కమలాకర్ కూడా వచ్చి నిలబడి, తన ఫోనులో ఇవన్నీ ఎప్పుడో చేసుకున్నానన్నాడు. చూపించమంటే దుకాణంలో పనుందని వెళ్లిపోయాడు. బొమ్మలు పోయినందుకు నేను ఒక అట్ట మీద ఆరుగురి నంబర్లు పెద్ద అంకెలతో రాసి, ప్రతి నంబరు పక్కనా పాత బొమ్మే గీసిపెట్టాను. నా పొట్టేలు కుక్కలా వచ్చింది. జానమ్మ ఆ సంగతి ముప్పై మందికీ చెప్పింది.

నర్సింగమ్మ రాలేదు. ఆమె ఫోనును ఆమె అక్క కూతురు తెచ్చి, సరిచేయించుకొని తీసుకుపోయింది.

జూన్ నెలాఖరుకు మందలు తిరిగొచ్చాయి. మంద నష్టపోయిన ఇంటికి తలా ఒక ఆడ గొర్రెపిల్లను ఇవ్వడం వాళ్లలో ఉన్న పద్ధతే. మిగతా నాలుగు మందల నుంచి నాలుగు పిల్లలు పరశురాములు దొడ్డికి చేరాయి. జానమ్మ తన మందలోంచి రెండు ఏరింది. గుర్వయ్య ఒకటి చాలన్నాడు.

"అలిగినోడివి నువ్వొకటి, ఎత్తరానిదాన్ని నేనొకటి" అంది.  రెండు పిల్లలనూ తాడుతో పట్టుకొని కుంటుకుంటూ ఆమే తీసుకుపోయింది. నర్సింగమ్మ వాటిని లోపలికి తోలుకొని, చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఇద్దరూ వానల గురించి నాలుగు మాటలు మాట్లాడుకున్నారు. ఫోను మాట ఎవరూ ఎత్తలేదు.

ఈ యాసంగికి మళ్లీ ఆరు మందలు పోయాయి. పొద్దున్నే ఐదు ఫోన్లు వస్తాయి. పరశురాములు దారి అడగడానికి కోదాడ దగ్గరున్న తన బావమరిదికి చేస్తున్నాడట. మొన్న నేను ఆ మాట తెస్తే జానమ్మ చేతిలోని వక్కలు కత్తిరించడం ఆపకుండానే, "అడగకుంటే అడగకపోని. ఆయన గొర్లు, ఆయన తోవ" అంది.

అప్పుడే ఫోను మోగింది. గుర్వయ్య. గడ్డి సంగతి, నీళ్ల సంగతి, ఒక గొర్రె ఈనిన సంగతి అంతా విన్నది. పెట్టేసే ముందు, "పరశురాములు మంద యాడిదాంక వచ్చిందో చూసినవా?" అని అడిగింది. అతను చూడలేదన్నాడు. తర్వాతి ఫోను వచ్చినప్పుడు ఆ మనిషినీ అదే అడిగింది. ఆ తర్వాతి మనిషినీ.